మా అమ్మాయికి ఏపీ మేలా, డ్యూయల్ క్రెడిట్ మేలా?

నమస్కారం. మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి. పదకొండులో తీసుకునే సబ్జెక్టుల కాగితం రెండు రోజులుగా ఫ్రిజ్ తలుపుకు వేలాడుతోంది. అమెరికా చరిత్ర, ఇంగ్లిషు గడులు ఇంకా ఖాళీ. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) తీసుకోవాలా, కమ్యూనిటీ కాలేజీ ద్వారా డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ లెక్కకు వచ్చే కాలేజీ కోర్సు) తీసుకోవాలా తేలడం లేదు. ఏపీ అంటే మా అత్తగారు ఆంధ్రప్రదేశ్ సంగతేదో అనుకుంటున్నారు, అది వేరే విషయం.

ఏపీలో ఏడాదంతా చదివినా కాలేజీ క్రెడిట్ (డిగ్రీ లెక్కలో కలిసేది) మాత్రం మే నెలలో రాసే ఒక్క పరీక్షతో ముడిపడి ఉంటుంది. 5కి 3 వస్తే టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా క్రెడిట్ ఇస్తాయి. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలావరకు 4 లేదా 5 అడుగుతాయి. డ్యూయల్ క్రెడిట్‌లో ఆ ఒక్కరోజు గండం లేదు. కానీ వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. పదహారేళ్ల పిల్లకు ఒక సెమిస్టర్ బాగా జరగక ‘సి’ పడితే, రేపు మెడికల్ కాలేజీ దరఖాస్తులోనూ దాన్ని చూపించాలి. నాకు భయం అక్కడే.

పరీక్ష అనగానే అమ్మాయికి చేతులు చల్లబడతాయి. వ్యాసాలు మాత్రం చక్కగా రాస్తుంది. చదువు టెక్సస్‌లోనే అని మేము, కాలిఫోర్నియాకూ దరఖాస్తు చేస్తానని తను.

పిల్లలను ఈ దారిలో పంపినవారు చెప్పండి: మీ డ్యూయల్ క్రెడిట్లు వేరే రాష్ట్రంలో చెల్లాయా? చరిత్ర డ్యూయల్‌గా, కాల్క్యులస్ ఏపీగా కలిపి తీసుకున్నవారు ఉన్నారా? కాగితం శుక్రవారంలోగా ఇవ్వాలి.