మరణం తరువాత ఏం మిగులుతుంది? దింపుడు కళ్లం దగ్గర పిలిచిన పిలుపు ఎవరికైనా చేరుతుందా?

ప్రశ్న (గోదారిగట్టు):

మనిషి మరణించిన తరువాత అతనిలో ఏదైనా మిగులుతుందా, మిగిలితే అది మన మాట వినగల స్థితిలో ఉంటుందా అన్న విషయంపై సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను. మా నాన్నగారు మొన్న మాఘమాసంలో కాలం చేశారు. శ్మశానానికి చేరకముందే పాడెను దింపి, పెద్దకొడుకువు కాబట్టి చెవి దగ్గర మూడుసార్లు పిలవమన్నారు. ముక్కులో దూది పెట్టి, నుదుట రూపాయి బిళ్ల అంటించి ఉన్న ఆ ముఖం మీదికి వంగి పిలిచాను. ప్రాణం ఇంకా ఉందేమోనన్న ఆఖరి ఆశతో పుట్టిన ఆచారం ఇదని నాకు తెలుసు. అయినా పిలిచినప్పటి నుంచి, వినడానికి అక్కడ ఎవరైనా ఉన్నారా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

మా అమ్మ రోజూ ‘మీ నాన్న ఇప్పుడు ఎక్కడున్నారంటావు?’ అని అడుగుతోంది. ఆమెను ఓదార్చేవారు చాలామంది ఉన్నారు. ఇందులో ఏది తెలిసిన విషయమో, ఏది నమ్మకమో విడదీసి చెప్పగలవారి మాట నాకు కావాలి. చావు అంచుదాకా వెళ్లి తిరిగి వచ్చినవారి అనుభవాలను సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్నది కూడా దయచేసి వివరించగలరు.

సమాధానం (పాత తాటాకు):

మీ నాన్నగారికి సద్గతి కలగాలని ప్రార్థిస్తున్నాను. నేను అపరకర్మలు, అంటే మరణానంతర కర్మలు, చేయించే కుటుంబంలో పుట్టినవాణ్ణి. మన సంప్రదాయంలో మీ ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. కర్మకాండ చెప్పేది ఒకటి, ఉపనిషత్తు చెప్పేది మరొకటి. రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లనే చాలామందికి అయోమయం కలుగుతుంది.

గరుడ పురాణంలోని ప్రేతకల్పం ప్రకారం, దహనంతో దేహాన్ని పోగొట్టుకున్న జీవికి ముందుకు సాగడానికి మరో శరీరం కావాలి. తొలి రోజు పిండంతో తల, తరువాతి పిండాలతో మిగిలిన అవయవాలు క్రమంగా ఏర్పడి, పదో రోజు పిండంతో ఆకలిదప్పులు కలుగుతాయి. పన్నెండో రోజు సపిండీకరణంలో ప్రేతపిండాన్ని మూడు భాగాలు చేసి, మరణించినవారి తండ్రి, తాత, ముత్తాతల పిండాలలో కలుపుతారు. అంతవరకు ఒంటరిగా ఉన్న ప్రేత ఆ క్షణం నుంచి పితృదేవతలలో చేరుతుంది. ఆ ముద్దలను కలిపి అదిమేటప్పుడు కొడుకుల వేళ్లు వణకడం నేను చాలాసార్లు చూశాను. ఇదంతా వినేవారు, తినేవారు ఉన్నారన్న విశ్వాసం మీదనే నిలబడిన కర్మ.

కఠోపనిషత్తులో నచికేతుడు మూడో వరంగా అడిగింది సరిగ్గా మీ ప్రశ్ననే. మరణించినవాడు ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారు, నిజమేదో చెప్పమన్నాడు. యముడు వెంటనే చెప్పలేదు. పూర్వం దేవతలకు సైతం ఈ సందేహం ఉండేదని, ఇది ఎంతో సూక్ష్మమైనదని, ఏనుగులో, గుర్రాలో, బంగారమో, దీర్ఘాయువో కోరుకొమ్మని బతిమాలినంత పని చేశాడు. చివరికి చెప్పినప్పుడు కూడా ఆయన ప్రధానంగా చెప్పింది చావుపుట్టుకలు లేని ఆత్మను గురించి; కొందరు తమ కర్మను అనుసరించి మళ్లీ గర్భాన్ని చేరతారని ఒకచోట అన్నాడు. కొడుకు పిలుపు తండ్రికి వినిపించిందా అన్నదానికి అక్కడ నేరుగా జవాబు దొరకదు. వేదాంతం చదివినవారు ఈ సంగతి దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం.

సమాధానం (రాత్రి డ్యూటీ):

నేను ఐసీయూలో పనిచేసే వైద్యుణ్ణి. మీ రెండో ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పగలను.

గుండె ఆగిన పది, ఇరవై సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ వ్యవధిలో ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి మేము వెనక్కి తెచ్చినవారిలో కొందరు వెలుగును, చనిపోయిన బంధువులను చూశామని చెబుతారు. నెదర్లాండ్స్‌లో పిమ్ వాన్ లొమెల్ బృందం పది ఆసుపత్రులలో ఇలా బతికిన 344 మందిని విచారించి, 62 మందికి ఇటువంటి అనుభవం కలిగిందని 2001లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. అందరి గుండే ఆగింది, కాని అయిదుగురిలో నలుగురికి పైగా ఏమీ గుర్తులేదు.

వైద్యుడు శామ్ పార్నియా బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం మరింత జాగ్రత్తగా చేసినది. ఆత్మ నిజంగా పైకి లేచి చూస్తే కనిపించేలా, కింద ఉన్నవారికి కనిపించకుండా, వార్డుల్లో ఎత్తైన అరలు బిగించి వాటిపై బొమ్మలు పెట్టారు. గుండె ఆగిన ఘటనలు 2060 నమోదయ్యాయి. అప్పుడు జరిగింది చూశామని, విన్నామని వివరంగా చెప్పినవారు ఇద్దరే. ఆ ఇద్దరి గుండె ఆగినది అరలు లేని గదులలో. ఇంత శ్రమ తరువాత కూడా అసలు పరీక్ష జరగనే లేదన్నమాట.

మన దేశపు అనుభవాలను బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా, అమెరికా మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్‌తో కలిసి పరిశీలించి 1986లో 16 ఉదంతాలను ప్రచురించారు. వాటిలో తరచుగా కనిపించేది ఏమిటంటే, యమదూతలు తీసుకుపోవడం, అక్కడ చిట్టా చూసి తేవలసినవాడు వీడు కాదని తిప్పి పంపడం. మన ఊళ్లలో పాడె మీద లేచి కూర్చున్నవారి గురించి చెప్పుకునే కథలూ ఇవే. పాశ్చాత్యుల అనుభవాలలో ఈ పొరపాటు ప్రస్తావన దాదాపుగా లేదు. ఎవరు ఏ కథలు వింటూ పెరిగారో ఆ రూపమే వారి అనుభవానికి వచ్చిందని నేను అనుకుంటున్నాను. అంతమాత్రాన వారు అబద్ధం చెబుతున్నారని కాదు. వారు అనుభవించింది నిజం. అది మరణం తరువాతి స్థితి అనడానికే ఆధారం లేదు, ఎందుకంటే వారిలో ఎవరి మెదడూ తిరిగిరాని విధంగా చనిపోలేదు.

మీకు ఉపయోగపడే విషయం ఒకటి ఉంది. స్పందన లేని స్థితిలో, చివరి గంటలలో ఉన్న కొందరు రోగుల మెదడు శబ్దాలకు స్పందిస్తున్నట్లు 2020లో కెనడాలో జరిగిన అధ్యయనం చూపింది. మాటల అర్థం వారికి చేరిందో లేదో దానివల్ల తేలదు. అయినా మా వార్డులో బంధువులను బయటకు పంపకుండా, దగ్గర కూర్చుని మాట్లాడమనే చెబుతాను.

సమాధానం (కొండవీటి వాగు):

మా క్రైస్తవ కుటుంబాలలో భూస్థాపన కార్యక్రమం, ఆ తరువాత కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక జరుగుతాయి. సమాధి రాళ్ల మీద ‘ప్రభువునందు నిద్రించెను’ అని రాయిస్తాము. ఆత్మ ఎగిరిపోవడంతో అంతా పూర్తవుతుందన్నది మా విశ్వాసం కాదు. మేము ఒప్పుకునే విశ్వాస ప్రమాణంలో ఉన్నది శరీర పునరుత్థానం. ఈ నడిమి కాలంలో వారు మన మాట వింటారా అంటే మాలోనే ఏకాభిప్రాయం లేదు. కథోలికులు నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి మృతుల కోసం ప్రార్థిస్తారు. ప్రొటెస్టెంట్లమైన మేము ప్రార్థించేది బతికి ఉన్నవారి ఆదరణ కోసమే. ఇది నిరీక్షణ, అంటే విశ్వాసంతో కూడిన ఆశ; డాక్టరుగారు చెప్పినటువంటి రుజువు దీనికి ఉందని నేను వాదించను.

ప్రశ్నించినవారి స్పందన (గోదారిగట్టు):

అందరికీ కృతజ్ఞతలు. చివరి రెండు రోజులూ అమ్మ నాన్నగారి పక్కనే కూర్చుని మాట్లాడుతూ ఉంది. డాక్టరుగారు చెప్పిన అధ్యయనం గురించి ఈ రాత్రే ఆమెకు చెబుతాను. పాత తాటాకు గారికి ఒక సందేహం. పన్నెండో రోజునే నాన్నగారు పితృదేవతలలో కలిసిపోతే, ఏడాది పొడవునా నెలనెలా మాసికాలు ఎందుకు పెడుతున్నాము?

సమాధానం (పాత తాటాకు):

అసలు సపిండీకరణం సంవత్సరం చివర చేయవలసినది. పురాణం ప్రకారం యమపురికి చేరే దారి ఏడాది ప్రయాణం, మధ్యలో పదహారు పురాలు ఉన్నాయి. ఆ దారిలో ఉన్నవారికి అందడానికే నెల నిండకముందు పెట్టే ఊనమాసికం, మూడు పక్షాలకు పెట్టే త్రైపక్షికం మొదలుకొని ఏడాది నిండకముందు పెట్టే ఊనాబ్దికం వరకు శ్రాద్ధాలు ఏర్పడ్డాయి. ఏడాది లోపల కర్మ చేసే కర్తకు ఏదైనా జరిగితే కర్మ సగంలో ఆగిపోతుందన్న భయంతో సపిండీకరణాన్ని పన్నెండో రోజుకు ముందుకు జరిపారు, మాసికాలు మాత్రం పాత లెక్కనే ఉండిపోయాయి. అమ్మగారు అడిగితే, శాస్త్రం లెక్కన నాన్నగారు ఇంకా దారిలోనే ఉన్నారని చెప్పండి. వచ్చే మాసికానికి ఆమెను పక్కన కూర్చోబెట్టి, మంత్రాల అర్థం తెలుగులో చెప్పమని మీ పురోహితుణ్ణి అడగండి. అడిగితే కాదనేవారు తక్కువ.