మెక్సికో తీరంలో స్థలం: చేతికి వచ్చేది దస్తావేజేనా? (చర్చ)

శాన్‌డియాగో సంసారి
మేము శాన్‌డియాగోలో ఉంటున్నాము. సరిహద్దు దాటి ఎన్సెనాదా వైపు వెళ్లినప్పుడు సముద్రం కనిపించే చిన్న స్థలం ఒకటి మా కంటబడింది. చుట్టుపక్కల ధరలో సగం కూడా చెప్పడం లేదు. కారణం అడిగితే, ఇది ‘ఎహీదో’ భూమి అనీ, ఏడాదిలోగా పూర్తి హక్కు వచ్చేస్తుందనీ, అప్పుడిక ఈ ధరకు దొరకదనీ మధ్యవర్తి చెప్పాడు. హోటల్లో ప్లాస్టిక్ కవరులోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు: హక్కులు బదలాయిస్తున్నట్లు ఒక ఒప్పందం, పన్ను రసీదు, వ్యవసాయ భూముల రిజిస్ట్రీ ఇచ్చిన ధ్రువపత్రం. బయానా ఇవ్వమని తొందరపెడుతున్నారు. అనుభవమున్నవారు ఏమంటారు?

పాత దస్తావేజు
సంసారి గారూ, ఆ మూడింటిలో ఏదీ దస్తావేజు కాదు. మెక్సికోలో యాజమాన్యాన్ని నిలబెట్టేది నొతారియో (ప్రభుత్వం నియమించిన న్యాయవాది) ఎదుట రాయించి, ఆస్తుల ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయించిన ‘ఎస్క్రితూరా’ ఒక్కటే. పన్ను రసీదు పన్ను కట్టినట్లు మాత్రమే చెబుతుంది. మన ఊళ్లలో పోరంబోకులో ఇల్లు వేసుకున్నవారికీ ఇంటిపన్ను రసీదు వస్తుంది, కరెంటు మీటరూ వస్తుంది, స్థలం మాత్రం వారిది కాదు.

ఎహీదో అంటే విప్లవం తర్వాత రైతు సముదాయాలకు ప్రభుత్వం పంచిన ఉమ్మడి భూమి. మన అసైన్డ్ భూమికి దూరపు చుట్టమనుకోండి. కాకపోతే ఇక్కడ పెత్తనం సభ్యులందరూ కూర్చునే సమావేశానిది. రాజ్యాంగం 27వ అధికరణాన్ని 1992లో సవరించాకనే ఈ భూములు ప్రైవేటు ఆస్తిగా మారేందుకు దారి తెరుచుకుంది. సమావేశం తీర్మానించాలి, వ్యవసాయ రిజిస్ట్రీలో ఆ కమతం నమోదు రద్దు కావాలి, సభ్యుడి పేరిట పట్టా రావాలి, అది ప్రభుత్వ రిజిస్ట్రీకి ఎక్కాలి. అంతా అయ్యాక జరిగే తొలి అమ్మకంలో కూడా కుటుంబసభ్యులకూ, ఆ చేనును ఏడాదికి పైగా సాగుచేసినవారికీ, తోటి సభ్యులకూ వరుసగా ముందుగా కొనే హక్కు 30 రోజులపాటు ఉంటుంది. వారికి నోటీసు ఇవ్వకుండా అమ్మితే ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. ‘ఏడాదిలో వచ్చేస్తుంది’ అన్న మాట వెనక ఇంత తతంగం ఉంది.

కోనసీమ కొబ్బరి
ఎన్సెనాదా అన్నారు కాబట్టి పుంతా బందా సంగతి తెలుసుకోకుండా అడుగు వేయవద్దు. అది మీరు చూసిన ప్రాంతానికి పక్కనే ఉన్న ఇసుక దిబ్బ. ఎహీదో భూమి అన్న నమ్మకంతో లీజులు రాయించుకుని, చాలామంది అమెరికన్లు సముద్రపు ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు. ఆ నేల ఎహీదోకు చెందదనీ, అంతకుముందే వేరే యజమానులున్నారనీ ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి, చివరికి సుప్రీంకోర్టు ఆ యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. 2000 అక్టోబరులో అధికారులు వచ్చి నివాసులను ఖాళీ చేయించారు. ఇళ్లు కట్టినవారు ఎవరినీ మోసం చేయలేదు, కిస్తీ ఎగ్గొట్టలేదు. కాళ్ల కింది నేల చరిత్ర చూసుకోలేదు, అంతే.

డాలస్ బాటసారి
విదేశీయులు తీరంలో నేరుగా కొనకూడదట, అయినా ఇంత గొడవ ఎందుకండీ? నాతో పనిచేసే మెక్సికన్ మిత్రుడు తన పేరు మీద కొని పెడతానంటున్నాడు. నమ్మకస్థుడే.

పాత దస్తావేజు
దానికి అక్కడ ‘ప్రెస్తానోంబ్రే’, అంటే పేరు అరువిచ్చేవాడు, అని పేరుంది. మనం బినామీ అంటాము. మిత్రుడు మంచివాడే కావచ్చు. రేపు అతనికి విడాకులైనా, అప్పులవాళ్లు జప్తుకు వచ్చినా, అతను పోయి వారసులు తలుపు తట్టినా, మీ చేతిలో ఏముంటుంది? చట్టాన్ని తప్పించుకోవడానికే అలా కొన్నామని కోర్టులో మీ నోటితో మీరే ఒప్పుకోవలసి వస్తుంది.

ప్లాయా కాపురం
మేము కాంకూన్‌కు దక్షిణాన ఒక ఫ్లాట్ కొని కొన్నేళ్లయింది కాబట్టి సక్రమమైన దారి ఎలా ఉంటుందో చెబుతాను. తీరం నుంచి 50 కిలోమీటర్లు, సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపల విదేశీయులు నేరుగా భూమికి యజమానులు కాకూడదని 1917 నాటి రాజ్యాంగమే చెబుతోంది. 1848 నాటికి సగానికి పైగా దేశాన్ని అమెరికాకు కోల్పోయినవారి జాగ్రత్త అది, తప్పు పట్టలేము. 2013లో నివాసాల వరకు ఈ నిబంధన సడలించాలని దిగువ సభ ఆమోదించినా, సవరణ పూర్తికాలేదు.

అందుకని ‘ఫిదేయికోమీసో’ అనే బ్యాంకు ట్రస్టు ద్వారా కొంటారు. విదేశాంగ శాఖ అనుమతితో బ్యాంకు పేరిట హక్కు నమోదవుతుంది. ఉండటం, అద్దెకివ్వడం, అమ్మడం, వారసులకు ఇవ్వడం మనవి. గడువు 50 ఏళ్లు, పొడిగించుకోవచ్చు. బ్యాంకు దివాలా తీస్తే ఇల్లు పోతుందేమోనని మా ఆవిడ చాలా రోజులు నిద్రపోలేదు, కాని ట్రస్టు ఆస్తి బ్యాంకు సొంత ఆస్తుల్లో కలవదు. ఏటా రుసుము కట్టాలి. మన తదనంతరం హక్కుదారు ఎవరో ట్రస్టు పత్రంలోనే రాయించండి. మాకు ఆ గడి ఖాళీగా వదిలేసి ముసాయిదా పంపారు. సంతకం పెట్టే ముందురోజు రాత్రి కనిపెట్టాము.

ఇంకొకటి. అమెరికాలో నోటరీ అంటే సంతకానికి సాక్షి. అక్కడి నొతారియో ప్రభుత్వం నియమించిన అనుభవజ్ఞుడైన న్యాయవాది. అయినా ఆయన మీ లాయరు కాదు, కాబట్టి మీ తరఫున వేరే లాయరును పెట్టుకోండి. వివాదం వస్తే తమ దేశ ప్రభుత్వ రక్షణ కోరబోమని కొనుగోలుదారు ఒప్పుకోవాలి, కోరితే ఆస్తి పోతుంది. ఆ వాక్యాన్ని చదివి సంతకం పెట్టండి.

అలల గట్టు
దస్తావేజు సక్రమంగా ఉన్నవారికి కూడా ఒక మాట. అత్యధిక పోటు రేఖ నుంచి లోపలికి 20 మీటర్లు ఫెడరల్ ప్రభుత్వానిది. దానిని ఎవరూ కొనలేరు, వాడుకకు అనుమతి మాత్రమే ఇస్తారు. మేము అద్దెకున్న ఇంటి యజమాని ఇసుకలోకి చెక్క వేదిక కట్టి, అది కూడా తన స్థలమేనని అమ్మకపు ప్రకటనలో కలిపేశాడు. టేపు పట్టుకుని కొలిస్తే వేదిక మొత్తం ఆ 20 మీటర్లలోనే ఉంది.

శాన్‌డియాగో సంసారి
అందరికీ ధన్యవాదాలు. సమావేశపు తీర్మానం నకలు చూపమని మధ్యవర్తిని అడిగాను. తీర్మానం వచ్చే సమావేశంలో పెడతారట, బయానా మాత్రం ఈ వారమే కావాలట. ఇవ్వలేదు. అదే తీరంలోని రొసారీతో పట్టణంలో ఎస్క్రితూరా ఉన్న స్థలం ఒకటి చూశాము, ధర రెట్టింపు పైనే. లాయరును మాట్లాడుకుని, తాకట్లూ తగాదాలూ లేవని రిజిస్ట్రీ ఇచ్చే ధ్రువపత్రానికి, మన ఈసీ లాంటిదే, దరఖాస్తు పెట్టించాను. అది వచ్చాక అందులో ఏముందో ఇక్కడ రాస్తాను.