బీసీజీ టీకాలో ఉన్నవాటిని ‘క్రిములు’ అనవచ్చా?

ప్రశ్న:
పసిబిడ్డలకు క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా గురించి, బాలింతలు చదువుకునేందుకు చిన్న కరపత్రం రాస్తున్నాం. ‘ఈ టీకాలో బతికి ఉన్న క్రిములు ఉంటాయి’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాం. విషయం నిజమే. కానీ అది చదివిన తల్లి బిడ్డను చంకన వేసుకుని ఇంటిదారి పడుతుందేమో! ‘క్రిమి’కి బదులు ఏమి రాయాలి?

ఒక జవాబు:
తప్పకుండా మార్చండి. సంస్కృతంలో ‘కృమి’ అంటే పురుగు. కడుపులోని నులిపురుగూ క్రిమే, పత్తికాయను తొలిచేదీ క్రిమే. పురుగుమందు డబ్బా మీద ‘క్రిమిసంహారకం’ అని ఉండేది అందుకే. సబ్బుల ప్రకటనల పుణ్యమా అని బ్యాక్టీరియా, వైరస్ కూడా ఆ గంపలోనే పడ్డాయి. ‘క్రిములు మేలు చేశాయి’ అని ఎవరైనా అనగా విన్నారా? పాలలో మనం వేసేదీ బ్యాక్టీరియానే, కానీ దాని పేరు తోడు, చేమిరి. మీరు ‘సూక్ష్మజీవి’ అనండి. మంచీ చెడూ అంటని మాట.

ఇంకొకరు:
మాస్టారూ, ‘సూక్ష్మజీవి’ కాస్త పాఠ్యపుస్తకం వాసన వేస్తుంది. అయినా సరే, ఒప్పుకుంటాను. అయితే టీకాలన్నిటికీ ఇదే వాక్యం అతికించకండి. హెపటైటిస్-బి టీకాలో వైరస్ ఉండదు, దాని పైపొరలోని ప్రోటీను ఒక్కటే ఉంటుంది. దాన్ని తయారుచేసి పెట్టేది ఈస్టు. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన టీకా ఆ రకమే. ధనుర్వాతం టీకాలోనూ బ్యాక్టీరియా ఉండదు, అది వదిలే విషాన్ని విరిచి వాడతారు.

మరొకరు:
‘బతికి ఉన్న’ అన్నది మాత్రం తీసేయవద్దు. ఫ్రాన్సులో కాల్మెట్, గెరిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లో ఆవుల క్షయ బ్యాక్టీరియాను పైత్యరసం కలిపిన బంగాళాదుంప మీద పెంచడం మొదలుపెట్టారు. సుమారు మూడు వారాలకోసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ పదమూడేళ్లు, 230 సార్లు! అలా తయారైన బీసీజీని 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. చంపడమే కావాలంటే కాస్త వేడి చేస్తే సరిపోయేది. బతికి ఉండీ జబ్బు చేయనిది కావాలనే ఆ పాట్లన్నీ.

అడిగినవారు:
అయితే ‘జబ్బు చేసే శక్తి పోయిన సజీవ సూక్ష్మజీవులు’ అంటే సరిపోతుందా?

జవాబు:
‘పోయిన’ కాదండీ, ‘బాగా తగ్గిన’. పుట్టుకతోనే రోగనిరోధకశక్తి తీవ్రంగా లోపించిన శిశువులకు బీసీజీ వేయరు, వాళ్లకు అది జబ్బు తేగలదు. ఆ సంగతి ఇంకో వాక్యంలో రాయండి. ‘సజీవ’ ఎందుకు, మీరు మొదట రాసిన ‘బతికి ఉన్న’నే ఉంచండి.