తాబేలు గుడ్లకు బూజు: హేచరీ చోటు ఏటా మార్చాల్సిందేనా?

తీరవాసి:
ఒడ్డున దొరికిన ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లను కాపాడ్డానికి తెచ్చి, నాలుగేళ్లుగా ఒకే కంచెలో (అదే మా హేచరీ) పాతుతున్నాం. ఈసారి పిల్లలు సముద్రంలోకి వెళ్లిపోయాక ఒక గుంట తవ్వితే, అడుగున పది పదిహేను గుడ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పెంకు మీద పసుపు, నీలి మచ్చలు. ఒకటే కుళ్లు వాసన. చూసి ఏడుపొచ్చింది. జబ్బు ఆ ఇసుకలోనే ఉందని, వచ్చే సీజన్‌కి కంచె వేరే చోట వేద్దామని నేనంటున్నాను. మావాళ్లలో సగం మంది ఒప్పుకోవడం లేదు.

గవ్వ:
నేనూ ఒప్పుకోను. చచ్చిన గుడ్డుకు ఎక్కడైనా బూజు పడుతుంది. బూజు పట్టి చచ్చిందో, చచ్చాక బూజు పట్టిందో ఎలా చెప్తారు? పైగా అల అందని, కుక్కలు రాని మెరక మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

ఉప్పుగాలి:
గవ్వ గారూ, మీరడిగినదాన్ని పరీక్షించి చూశారు. కేప్ వెర్డే దేశంలోని బోవా విస్టా దీవిలో లాగర్‌హెడ్ తాబేలు గుడ్ల నుంచి ఫ్యుసేరియం సొలాని అనే ఫంగస్‌ను వేరుచేసి మంచి గుడ్లకు ఎక్కిస్తే అవీ చాలావరకు చనిపోయాయి. 2010లో ఆ పరిశోధన అచ్చయింది. గుడ్డు పొదగడానికి కావలసిన 30 డిగ్రీల వేడే ఈ ఫంగస్‌కూ బాగా పడుతుంది.

అలాగని మీ మాట పూర్తిగా కొట్టేయను. చచ్చిన గుడ్డే దానికి మేత, అక్కణ్నుంచే పక్క గుడ్డుకు పాకుతుంది. కాబట్టి గుడ్లు మన చేతుల్లో చావకుండా చూసుకోవాలి. పెట్టిన కొన్ని గంటల్లోనే, అటూ ఇటూ దొర్లించకుండా తేవాలి. ఆలస్యమైతే పిండం పెంకుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత కుదిపితే చచ్చిపోతుంది. గుంటకూ గుంటకూ మీటరు దూరం ఉంచండి. పిల్లలు బయటికొచ్చాక పెంకులు, పొదగని గుడ్లు కంచెలో వదలకండి. బంకమట్టి కలిసిన, తడి ఆరని ఇసుక అసలు వద్దు.

తీరవాసి:
మేం తప్పుచేసింది అక్కడే. పెంకులు తీయకుండా మళ్లీ అదే గుంటలో పాతాం.

గవ్వ:
చోటు మార్చడానికి ఇప్పటికీ ఒప్పుకోను. ఇసుక మార్చడానికైతే సరే. రెండడుగుల లోతు తీసేసి, ఎప్పుడూ గుడ్లు పాతని చోటి నుంచి శుభ్రమైన ఇసుక తెచ్చి నింపండి. ముందు ఫారెస్ట్ వాళ్లకు చెప్పండి. ట్రాక్టర్ మాత్రం ఒడ్డు మీదికి రానివ్వకండి, మన కంటపడని గూళ్లు చక్రాల కింద నలిగిపోతాయి. బస్తాల్లో మోద్దాం, నేనూ వస్తాను.