అప్‌డేట్: విలేకరుల కాంటాక్టుల గోల చాలావరకు తీరింది

రెండు నెలల కిందట అడిగాను, గుర్తుందా? మేం ప్రెస్‌నోట్లు పంపే ఆరొందల మంది విలేకరుల నంబర్లు నాలుగు ఎక్సెల్ షీట్లలో, ముగ్గురి ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి, మంచి టూల్ ఏదైనా చెప్పండని.

ముందు డబ్బు కట్టి విలేకరుల వివరాలుండే ఓ రెడీమేడ్ డేటాబేస్ తీసుకున్నాం. పేరెందుకులెండి. ఢిల్లీ, ముంబై ఇంగ్లిష్ పత్రికలవాళ్లు బాగానే ఉన్నారు. తెలుగు డెస్కులు, జిల్లా స్ట్రింగర్లు (జీతం మీద కాక వార్తల లెక్కన రాసే స్థానిక విలేకరులు) దాదాపు సున్నా. మాకు కావాల్సింది ఖమ్మం జిల్లా పేజీలో వార్త వేయించే మనిషి కదా! నెలకే ఆపేశాం.

చివరికి మీలో ఒకరు చెప్పిన ఎయిర్‌టేబుల్‌కే వచ్చాం, ఎక్సెల్ లాంటి ఆన్‌లైన్ టూల్ అది. ఉచిత ప్లాన్‌లో బేస్‌కి (అంటే ఒక డేటాబేస్‌కి) 1,000 రికార్డులు, మాకు చాలు. బీట్ (ఏ రకం వార్తలు రాస్తారో), జిల్లా, ఎడిషన్, ‘చివరిసారి ఎప్పుడు మాట్లాడాం’ అని కాలమ్‌లు పెట్టాం. ఈ ఆఖరిదే ప్రాణం. అది నింపడానికి ఫోన్లు చేస్తుంటే తెలిసింది, ఒక విలేకరి బిజినెస్ వార్తలు వదిలి క్రైమ్ వార్తలకి మారి ఏడాదైందట. మేం మాత్రం బ్యాంకు ప్రెస్‌నోట్లు పంపుతూనే ఉన్నాం. "ఎవరైనా ఆ బ్యాంకు దోచుకుంటే చెప్పండమ్మా, వేస్తా" అన్నారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపడం) సంగతి అడిగినవాళ్లకు: లిస్టుకి 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మా ప్రెస్‌నోట్లు చాలామందికి ఎందుకు అందలేదో ఇప్పుడర్థమైంది.

ఒక్క తలనొప్పి మిగిలింది, ఇంగ్లిష్ స్పెల్లింగులు. ఒకే లతగారు ‘హెచ్’తో ఒకసారి, లేకుండా ఒకసారి. పేరు వదిలేసి ఫోన్ నంబరు పట్టుకుని డూప్లికేట్లు ఏరుతున్నాం. ఇంకో నలభై ఉన్నాయి.