రాడ్‌బోర్న్ గెలుపులు 59 అనాలా, 60 అనాలా?

పాతలెక్కలు:
1884లో అమెరికా బేస్‌బాల్ జట్టు ప్రావిడెన్స్ గ్రేస్‌కు పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడిన చార్లెస్ రాడ్‌బోర్న్ ఒక్క సీజనులో సాధించిన గెలుపులు కొన్ని పట్టికల్లో 59గానూ, మరికొన్నింటిలో 60గానూ కనిపిస్తాయి. బేస్‌బాల్‌లో జట్టు గెలుపును బంతి విసిరిన పిచర్లలో ఒకరి ఖాతాలో జమ చేస్తారు. ఇక్కడి పేచీ అంతా ఆ ఏడాది జూలై 28న ఫిలడెల్ఫియాలో జరిగిన ఆటతో వచ్చింది. మొదట బంతి విసిరిన సైక్లోన్ మిల్లర్ ఐదు ఇన్నింగ్స్ ముగించేసరికి ప్రావిడెన్స్ 3–4తో వెనకబడి ఉంది. ఆరో ఇన్నింగ్స్ తొలి సగంలో ఆ జట్టు నాలుగు పరుగులు చేసి ముందుకు వచ్చింది. ఆ తరువాత బంతి అందుకున్న రాడ్‌బోర్న్ మిగిలిన నాలుగు ఇన్నింగ్సుల్లో ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆట 11–4తో ముగిసింది, స్కోరరు గెలుపును రాడ్‌బోర్న్ పేరున రాశాడు. ఆ రాతను మనం దిద్దకూడదని, కాబట్టి 60 సరైనదని నా అభిప్రాయం.

సమకొలత:
మీ వాదనతో ఏకీభవించలేను. నేటి నియమం ప్రకారం గెలుపు దక్కాలంటే మొదటి పిచర్ కనీసం ఐదు ఇన్నింగ్స్ వేసి ఉండాలి, అతను తప్పుకునే వేళకు జట్టు ఆధిక్యంలో ఉండాలి, ఆ ఆధిక్యం చివరిదాకా చేజారకూడదు. బంతి రాడ్‌బోర్న్ చేతికి వెళ్లేసరికి జట్టు ముందుకు వచ్చేసింది గనుక మిల్లర్ విషయంలో ఈ మూడూ కుదిరాయి. మహా అయితే రాడ్‌బోర్న్‌కు ఒక ‘సేవ్’ (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచర్‌కు ఇచ్చే గుర్తింపు) దక్కుతుంది. నిన్నటి ఆటగాణ్ణీ నేటి ఆటగాణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టి ‘ఎవరు గొప్ప’ అని అడిగే పట్టికకు కొలబద్ద కూడా ఒక్కటే ఉండాలి. పైగా ఇక్కడ అన్యాయం జరిగింది మిల్లర్‌కు. అతని పేరు ఎవరికీ గుర్తు లేదు గనుక అతని గెలుపును పెద్దవాడి ఖాతాలో వేయడం నాకు రుచించదు.

బరిబయట:
ఒకే కొలబద్ద అంటున్నారు గనుక అడుగుతున్నాను, దాన్ని ఎక్కడ ఆపుతారు? ఆనాడు పిచర్ 50 అడుగుల దూరం నుంచి విసిరేవాడు, నేడు ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. భుజం పైనుంచి విసరడానికి ప్రావిడెన్స్ ఆడే నేషనల్ లీగ్ అనుమతించింది సరిగ్గా ఆ ఏడాదే. గాయమైతే తప్ప బెంచి మీది ఆటగాణ్ణి దింపే వీలు లేదు, కాబట్టి పిచర్‌ను మార్చడమంటే మైదానంలో ఉన్న ఇద్దరు చోట్లు మార్చుకోవడమే. ‘సేవ్’ అధికారిక లెక్కల్లోకి వచ్చింది 1969లో. వీటన్నిటినీ అలాగే ఉంచి గెలుపు నియమాన్ని మాత్రమే వెనక్కి మోసుకెళ్లడం పక్షపాతం కాదా?

అసలు ఆ వారం పరిస్థితి చూడండి. జూలై 22న అదే ఫిలడెల్ఫియాతో జరిగిన ఆటలో, బంతిని మిల్లర్‌కిచ్చి అవుట్‌ఫీల్డ్‌కు వెళ్లమని మేనేజర్ ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్ చెబితే ప్రావిడెన్స్ మరో పిచర్ చార్లీ స్వీనీ ససేమిరా అని మైదానం వదిలి పోయాడు. ఎనిమిదిమందితో ఆడిన ప్రావిడెన్స్ ఓడింది, స్వీనీని బహిష్కరించారు. అప్పటికి సస్పెన్షన్‌లో ఉన్న రాడ్‌బోర్న్, మిగిలిన సీజను భారం తాను మోస్తానని, బదులుగా జీతం పెంచి సీజను ముగిశాక తనను ఒప్పందం నుంచి విడిచిపెట్టాలని షరతు పెట్టి తిరిగి వచ్చాడు. ఆ సీజనులో అతను 678 ఇన్నింగ్సులకు పైగా విసిరాడు. ఉదయం లేచి తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు; ఎంత నిజమో గాని, ఆ అంకె చూశాక నమ్మబుద్ధి వేస్తుంది.

సమకొలత:
అతని కష్టాన్ని నేను కాదనలేదు. కష్టపడ్డాడు కదా అని ఒక గెలుపు కొసరు వేయమనడం మాత్రం లెక్క కాదు, సానుభూతి. స్కోరరు మాటే వేదమంటే, మిగతా ఆటల్లో స్కోరర్లు ఇష్టం వచ్చినట్టు రాసినా మనం తలూపాలా?

పాతలెక్కలు:
మంచి ప్రశ్నే గాని, రాడ్‌బోర్న్ విషయంలో ఆ భయానికి చోటు చాలా తక్కువ. ఆ ఏడాది అతను 75 ఆటల్లో బంతి విసిరాడు, 73 ఆటలు తానే మొదలుపెట్టి ఆ 73నూ తానే ముగించాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే విసిరిన ఆటలో గెలుపు ఎవరిదని ఏ స్కోరరూ తడుముకోనక్కర లేదు. మధ్యలో వచ్చినవి మిగిలిన రెండే, వాటిలో ఒకటి మనం వాదించుకుంటున్న ఈ ఆట. మిల్లర్‌కు అన్యాయం జరిగిందన్న మీ మాటను మాత్రం ఒప్పుకుంటున్నాను. నా పట్టికలో 60 అనే ఉంచుతాను, జూలై 28 పక్కన అతని పేరు కూడా రాస్తాను.