ప్రాగ్‌లోని కోబిలిసి ఫైరింగ్ రేంజ్: అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు ఎలా తెలిశాయి?

పెరంబూరు వెల్డర్:

అందరికీ నమస్కారం. మూడు తరాల కిందట నెల్లూరు నుంచి మద్రాసు వచ్చిన కుటుంబం మాది. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి పురుడుకని ప్రాగ్ వెళ్లి మొన్ననే తిరిగొచ్చాం. వాళ్ల ఇల్లు ఊరికి ఉత్తరాన, లాద్వీ మెట్రో స్టేషన్ దగ్గర. పొద్దున్నే పాపను స్ట్రోలర్‌లో పడుకోబెట్టి తిప్పే పని నాది.

అపార్ట్‌మెంట్ల మధ్యలో పచ్చగడ్డి మైదానం ఒకటి ఉంది. చుట్టూ చెరువుకట్టలా ఎత్తయిన మట్టికట్టలు. పార్కే అనుకుని వారం రోజులు పాపను అక్కడే తిప్పాను. తర్వాత ఒకరోజు పేర్లు చెక్కిన ఫలకాల దగ్గర ఆగి చూస్తే, ఒకే ఇంటిపేరు వరసగా నాలుగైదుసార్లు ఉంది. కొన్నిటి చివర 'ఓవా' అని ఉంటే, అవి ఆడవాళ్ల పేర్లని మా అల్లుడు చెప్పాడు. 1942లో నాజీలు ఇక్కడ సుమారు 550 మందిని కాల్చి చంపారట. ఆ రోజు పాపను ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. రెండు రోజులు అటు వెళ్లలేకపోయాను.

నా సందేహాలు రెండు. చంపడానికి ఆ చోటే ఎందుకు? చంపి, కాల్చేసి, బూడిద కూడా ఇవ్వలేదంటున్నారు కదా, మరి ఇన్ని పేర్లు ఎలా తెలిశాయి? మా కాలనీలో నెలకోసారి తెలుగువాళ్లం పదిహేను మంది కూర్చుంటాం. అక్కడ తప్పు లేకుండా చెప్పాలని అడుగుతున్నాను.

---

ఓఎమ్మార్ నుంచి:

అంకుల్, నమస్తే. ఉద్యోగం మీద ఆరేళ్లు ప్రాగ్‌లో ఉన్నాను. ఏటా జూన్‌లో అక్కడికి వెళ్లేదాన్ని.

ఆ రేంజ్‌ను, అంటే సిపాయిలు తుపాకీ కాల్చడం నేర్చుకునే మైదానాన్ని, ఆస్ట్రియా-హంగేరీ సైన్యం 1889-91 మధ్య కట్టింది. అప్పుడది ఊరి బయట, పొలాల మధ్య ఉండేది. మీరు చూసిన కట్టలు తూటాలు బయటికి పోకుండా వేసినవి. తర్వాత చెకోస్లోవాక్ సైన్యం వాడుకుంది. అపార్ట్‌మెంట్లు 1970ల నాటివి. తూటాలను ఆపే కట్టలు, కాపలా సిపాయిలు అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి జర్మన్లు కొత్తగా ఏమీ కట్టుకోనక్కరలేదు. రోజూ తుపాకీ చప్పుడు వినే చోట ఇంకో చప్పుడు వినిపిస్తే ఎవరూ తలుపు తీసి చూడరు.

1942 మే 27న చెక్ పారాట్రూపర్లు హైడ్రిచ్ మీద దాడి చేశారు. జర్మన్లు ఆక్రమించిన చెక్ ప్రాంతాన్ని ఏలుతున్న నాజీ అధికారి అతను. దాడి జరిగిన రోడ్డు మలుపు లీబెన్ అనే పేటలో ఉంది, రేంజ్‌కు దూరమేమీ కాదు. అతను జూన్ 4న చచ్చాడు. కానీ మే 30 నుంచే ఇక్కడ కాల్చడం మొదలుపెట్టి జూలై 3 దాకా సాగించారు. తుపాకీ పట్టినవాళ్లే చనిపోయారనుకోకండి. దాడిని మెచ్చుకున్నారన్న నేరం ఒక్కటే మోపి కూడా చంపారు. అధికారుల దగ్గర పేరు నమోదు చేయించుకోని మనిషికి ఒక రాత్రి చోటిస్తే ఇంటిల్లిపాదీ పోయేవాళ్లు. మీరు చూసిన ఇంటిపేర్లు అలాంటివే.

జూన్ 1న రచయిత వ్లాదిస్లావ్ వాంచురాను చంపారు. ఆయన చదివింది వైద్యం. 19న అలోయిస్ ఎలియాష్‌ను చంపారు. పైకి జర్మన్ల కింద ప్రధానమంత్రి, లోపల లండన్‌లోని ప్రవాస ప్రభుత్వంతో సంబంధం ఉన్న మనిషి. 25న ఎవ్జెన్ రోషిత్స్కీ. 1936 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన కుర్రాణ్ని, తండ్రితో పాటు చంపారు.

నాకు ఎక్కువ బాధగా ఉండేది జూన్ 16. హైడ్రిచ్ చావుకు ప్రతీకారంగా లిదిత్సె అనే ఊళ్లో 173 మంది మగవాళ్లను అంతకుముందే, 10న, అక్కడికక్కడే కాల్చేశారు. ఆ ఊరివాళ్లే మరో 26 మందిని 16న ఇక్కడికి తెచ్చి చంపారు. నైట్ షిఫ్ట్‌కు వెళ్లి ఆ రాత్రి ఊళ్లో లేనివాళ్లు ఉన్నారు. పదిహేనేళ్లు దాటాయని తర్వాత తేలిన పిల్లలు ఇద్దరున్నారు. హొరాక్, స్త్రిబర్నీ కుటుంబాలవాళ్లు పదిహేను మంది, ఆడవాళ్లతో సహా. ఆ రెండిళ్ల కొడుకులు అప్పటికి ఇంగ్లండ్‌లో బ్రిటిష్ వైమానిక దళంలో ఉన్నారు.

ఇక పేర్ల సంగతి. కొన్నిటిని జర్మన్లే చాటారు. ఎర్ర పోస్టర్ల మీద జర్మన్‌లో, చెక్‌లో అచ్చేసి గోడలకు అంటించేవాళ్లు, రేడియోలో చదివేవాళ్లు. భయపెట్టడానికే అది. కానీ శవాలను స్ట్రాష్నిత్సె క్రిమటోరియంలో కాల్చి, బూడిదను ఆనవాలు లేకుండా చేయమన్నారు. అక్కడి డైరెక్టర్ ఫ్రాంతిషెక్ సుఖీ ఆ మాట వినలేదు. ఒక్కొక్కరి పేరూ రహస్యంగా రాసి పెట్టుకున్నాడు, అస్థికలు దాచాడు. కొడుకు సాయం చేసేవాడు. పట్టుబడి ఉంటే ఆ తండ్రీకొడుకులదీ అదే గతి. మీ సభలో ఎవరి గురించి చెప్పినా చెప్పకపోయినా, సుఖీ గురించి చెప్పండి అంకుల్.

---

రిటైర్డ్ సోషల్ టీచర్, నంగనల్లూరు:

అన్నయ్యగారూ, ఒక మాట చేర్చాలి. కాల్పులు జూలైతో ఆగిపోలేదు. ఏడుగురు పారాట్రూపర్లు దాక్కున్నది ప్రాగ్‌లోని ఆర్థడాక్స్ చర్చి నేలమాళిగలో. జూన్ 18న పోరాడి అక్కడే ప్రాణాలు వదిలారు. ఆ చర్చి బిషప్ గోరాజ్ద్ తనవాళ్లను కాపాడాలని, బాధ్యత తనదేనని అధికారులకు ఉత్తరాలు రాశాడు. సెప్టెంబర్ 4న ఆయన్ను, ఇంకో ఇద్దర్ని కోబిలిసిలోనే కాల్చారు. మర్నాడు మరో పూజారిని. తర్వాత చర్చి గోరాజ్ద్‌ను సెయింట్‌గా ప్రకటించింది.

ఇంకోటి. మీరు పెరంబూరు నుంచి సెంట్రల్‌కు వెళ్లే మనిషి కాబట్టి అడుగుతున్నాను. పార్క్ టౌన్‌లో పాత సెంట్రల్ జైలు గోడ గుర్తుందా? 1943 సెప్టెంబర్ 10న అక్కడ నలుగురిని ఉరి తీశారు. వక్కం అబ్దుల్ ఖాదర్, ఆనందన్, సత్యేంద్ర చంద్ర బర్ధన్, ఫౌజా సింగ్. బ్రిటిష్ పాలన మీద పోరాడటానికి మలయాలోని పెనాంగ్‌లో శిక్షణ పొంది రహస్యంగా దేశంలోకి వచ్చినవాళ్లు, శత్రు గూఢచారుల ఆర్డినెన్స్ కింద శిక్ష పడింది. ఉరికి ముందు ఖాదర్ తండ్రికి ఉత్తరం రాశాడు. ఖైదీలను పుళల్‌కు మార్చాక 2009లో ఆ జైలు కూల్చేశారు. ఇప్పుడక్కడ మెడికల్ కాలేజీ బిల్డింగులున్నాయి. చదువుకునే పిల్లలకు ఈ నలుగురి పేర్లు ఎవరైనా చెబుతున్నారో లేదోనని నాకు చాలా బాధ.

---

పెరంబూరు వెల్డర్:

అమ్మాయ్, టీచరమ్మగారూ, ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.

ఆ గోడ నాకు గుర్తుండకపోవడమేమిటమ్మా. సెంట్రల్‌లో దిగినప్పుడల్లా దాన్ని చూస్తూ నడిచాను. కూల్చేస్తున్నప్పుడు దుమ్ము పడుతోందని కర్చీఫ్ అడ్డం పెట్టుకుని దాటిపోయాను. ఆ నలుగురి పేర్లు ఈ రోజు మీరు చెబితేనే తెలిసింది.

సుఖీ సంగతి చదివి చాలాసేపు కూర్చున్నాను. నేనూ డ్యూటీ చేసినవాణ్నే. పైనుంచి ఆర్డర్ వస్తే చేసేయడమే మాకు అలవాటు. ఆయన పని చేస్తూనే, ఆ పక్కనే పేర్లు రాసుకున్నాడు.

సభ వచ్చే ఆదివారం సాయంత్రం. ముందు మన నలుగురి పేర్లు చదువుతాను, ఆ తర్వాత లిదిత్సె నుంచి తెచ్చిన 26 మందివి. ఫలకాల ఫోటోలు మా అల్లుడు పంపుతానన్నాడు. అమ్మాయ్, వాటిని తెలుగులో రాసి ఇక్కడ పెడతాను, పలకడంలో తప్పులుంటే దిద్దిపెట్టు. ఆ పిల్లలిద్దరి పేర్లు ఏవో గుర్తుపట్టగలిగితే అవి కూడా చెప్పు.